బండి కబుర్లు: కంపెనీ వాడి తేదీ, మన కిలోమీటర్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కరెంటు కార్ల మీదే. పోయిన నెల నేను ఓ మాట అన్నాను కదా, కంపెనీలు చెప్పే తేదీలు చూసి కారు కొనకండి, అలాగని మానకండి అని. దానికి పడ్డ అక్షింతలు, వచ్చిన ప్రశ్నలు కలిపి ఇక్కడ పెడుతున్నా. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు, కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, ఊరూ పేటా మాత్రమే.

ప్రశ్న (పటమట, విజయవాడ): పెద్ద పెద్ద కంపెనీలన్నీ 2030 కల్లా పెట్రోలు కార్లు మానేస్తాం అన్నాయి. ఆ మాట పట్టుకుని నేను పాత డీజిల్ స్విఫ్ట్‌తోనే లాక్కొస్తున్నా. ఇప్పుడేమో వాళ్లే వెనక్కి తగ్గుతున్నారంట. తయారు చేసేవాడికే క్లారిటీ లేకపోతే కొనేవాడికి ఎక్కడుంటుంది సార్?

వెనక్కి తగ్గిన మాట నిజమేనండి. వోల్వో 2021లో, 2030 నుంచి కరెంటు కార్లు తప్ప ఇంకోటి అమ్మం అంది. 2024 సెప్టెంబర్ వచ్చేసరికి, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్లు (పెట్రోలు ఇంజినూ, కరెంటు మోటారూ రెండూ ఉండే బండ్లు) కూడా కలుపుకుని అమ్మకాల్లో 90 శాతం దాటితే చాల్లే అని సర్దుకుంది. మెర్సిడెస్ ఇంకా తెలివైనది, 2021లో మాట ఇచ్చినప్పుడే 'మార్కెట్ పరిస్థితులు అనుకూలిస్తే' అని ఒక తోక తగిలించింది, జాతకాలు కుదిరితే చూద్దాం అన్నట్టు. ఆ తోకని అప్పుడు పేపర్లలో ఎవరూ పట్టించుకోలేదు, 2024లో వాళ్లే దాన్ని బయటికి తీశారు. ఇక ఫోర్డ్ అయితే 2024 ఒక్క సంవత్సరంలోనే కరెంటు బండ్ల విభాగంలో 510 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది, రూపాయల్లో మీరే లెక్క వేసుకోండి, నాకు కళ్లు తిరిగాయి.

అయితే వీళ్లు వెనక్కి తగ్గింది కరెంటు కారు పనికిరాదని కాదు. గుంటూరులో అప్పు చేసి మిర్చికి కోల్డ్ స్టోరేజీ కట్టినాయన, రైతు దగ్గరికెళ్లి 'ఈ ఏడు మిర్చి వేయొద్దు బాబూ' అంటాడా? ఇదీ అంతే. ఇంజిన్ల ఫ్యాక్టరీలు, గేర్‌బాక్సుల ఫ్యాక్టరీలు, వాటిలో ముప్ఫై నలభై ఏళ్లుగా పనిచేస్తున్న మనుషులు, ఇదంతా వాళ్లు ముందే పెట్టేసిన డబ్బు, అది తిరిగి రాబట్టుకోవాలంటే పెట్రోలు కారు ఇంకొన్నాళ్లు అమ్ముడుపోవాలి. పైగా కరెంటు కారులో ఖరీదైన వస్తువు బ్యాటరీ, కారు ఖర్చులో దాదాపు మూడో వంతు దాకా అదే, అది ఈ పాత కంపెనీల చేతుల్లో లేదు. ప్రపంచంలో వాహనాలకి వెళ్లే బ్యాటరీల్లో సగానికి పైగా రెండే రెండు చైనా కంపెనీలవి, సీఏటీఎల్, బీవైడీ. ఈ బీవైడీ 1995లో బ్యాటరీల కంపెనీగా మొదలై 2003లో కార్లలోకి దిగింది, అంటే పొలం ఉన్నవాడు హోటల్ పెట్టినట్టు. మిగతావాళ్లు బియ్యం కొనుక్కొచ్చి వండుతున్నారు, అదీ పోటీ హోటల్ వాడి పొలం నుంచే. బ్యాటరీలే కాదు, 2025 ఏప్రిల్‌లో చైనా కరెంటు మోటార్లలో వాడే అయస్కాంతాల ఎగుమతికి అడ్డు కట్టేసరికి మన దేశంలో కూడా కంపెనీలు హడావిడి పడ్డాయి.

మన దగ్గర ఇంకో లెక్క ఉంది, షోరూముల్లో ఎవరూ చెప్పరు. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నీ కలిపి సగటున కిలోమీటరుకి ఇంత పొగే వదలాలని ప్రభుత్వం పెట్టిన రూల్ ఉంది, కాఫే అంటారు. 2022-23 నుంచి ఆ హద్దు దాదాపు 113 గ్రాములు. ఈ లెక్కలో ఒక్క కరెంటు కారు అమ్మితే మూడు కార్లు అమ్మినట్టు రాసుకోవచ్చు. అంటే కరెంటు కారు మీద లాభం రాకపోయినా సరే, అది అమ్మితేనే పక్కన పెద్ద డీజిల్ బండ్లు ధైర్యంగా అమ్ముకోవచ్చు. వాళ్లు ముందుకొచ్చినా వెనక్కెళ్లినా ఇలాంటి లెక్కల మీదే. టాటా వాళ్లు 2020 జనవరిలోనే నెక్సాన్ కరెంటు కారు తెస్తే, దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే మారుతి మొదటి కరెంటు కారు తయారీ మొదలుపెట్టింది 2025 ఆగస్టులో. మారుతికి చేతకాక కాదు, చేతిలో సీఎన్‌జీ కార్లు బ్రహ్మాండంగా పోతున్నాయి, తొందరేముంది?

ఇక మీ సంగతి. ఉత్తరం రెండు పేజీలు రాశారు, వోల్వో గురించి రాశారు, యూరప్ గురించి రాశారు, మీరు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో మాత్రం రాయలేదు! రోజుకి నలభై దాటి తిరుగుతూ, కారు పెట్టే చోట మీకంటూ ఒక ప్లగ్ ఉంటే ఇప్పుడే మారండి. వారానికి ఒకసారి గుడికి, నెలకోసారి పెళ్లికి తీసే కారైతే ఆ స్విఫ్ట్‌ని ఇంకో నాలుగేళ్లు నడపండి. ఈలోగా బ్యాటరీ ఇంకా చవకవుతుంది. 2010 ప్రాంతంలో కిలోవాట్‌అవర్‌కి (అంటే ఒక యూనిట్ కరెంటు పట్టే బ్యాటరీకి) వెయ్యి డాలర్ల పైన ఉన్న రేటు 2024కి సగటున 115 డాలర్లకి దిగింది.

ప్రశ్న (లక్ష్మీపురం, గుంటూరు): మధ్యేమార్గంగా హైబ్రిడ్ కొనుక్కోమని మా బావగారు అంటున్నారు. పన్ను కూడా తగ్గిందట కదా?

మీ బావగారు సగమే చెప్పారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకి జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40. పెద్ద హైబ్రిడ్లు ఆ 40లోకే వస్తాయి. కరెంటు కారుకి మాత్రం 5. చిన్న పెట్రోలు కారు ఆ దెబ్బతో బాగా చవకైంది, కరెంటు కారుకీ దానికీ ఉన్న తేడా పన్ను దగ్గర తగ్గింది, అది ఒప్పుకోవాలి. హైబ్రిడ్‌లో పోసేది పెట్రోలే, కాకపోతే తక్కువ తాగుతుంది. సొంత పార్కింగ్ లేనివాళ్లకి, ఊళ్లు ఎక్కువ తిరిగేవాళ్లకి మంచిదే.

ప్రశ్న (ఆటోనగర్, విజయవాడ): మాది డీజిల్ పంపు, నాజిల్ రిపేరు షాపు అన్నా. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. కరెంటు బండ్లొస్తే ఆటోనగర్ మూసుకోవడమే అని అందరూ భయపెడుతున్నారు. మా వాడిని ఈ పనిలో పెట్టాలా వద్దా?

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే కార్ల వరకూ నీ పనికి గండి పడి చాలాకాలమైంది, అది కొట్టింది కరెంటు కారు కాదు. 2012, 2013 ప్రాంతంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్, ఇప్పుడు ఐదో వంతు కూడా లేవు. 2020 ఏప్రిల్‌లో పొగ మీద బీఎస్-6 అనే కొత్త రూల్ రాగానే మారుతి డీజిల్ కార్లే ఆపేసింది. నీ షాపుకి వచ్చే కార్లు తగ్గడం నువ్వు అప్పుడే గమనించి ఉంటావు. కానీ ఆటోనగర్ బతికేది కార్ల మీద కాదుగా, లారీల మీద. బరువేసుకుని రోజూ ఐదారు వందల కిలోమీటర్లు పోయే లారీ ఇప్పట్లో డీజిల్ వదలదు, వదిలినా రోడ్ల మీద ఉన్న పాత లారీలు పదిహేనేళ్లు తిరుగుతాయి. కాబట్టి నువ్వు పనిచేసినన్నాళ్లూ టెన్షన్ పడకు. మీవాడి సంగతి వేరు.

చుట్టుపక్కల షాపులు ఒకసారి చూడు. క్లచ్ ప్లేట్లు, సైలెన్సర్లు, ఇంజిన్ బోరింగు, హెడ్డు పని చేసే లేత్‌లు, వీటికి కరెంటు కారు ఒక్క రూపాయి ఇవ్వదు. టింకరింగ్, పెయింటింగ్ వాళ్లకి ఏ తేడా లేదు, గుద్దుకునేవాడు ఏ బండి అయినా గుద్దుకుంటాడు. టైర్ల వాళ్లకి పండగే, బ్యాటరీ బరువుకి, ఎక్సలేటర్ తొక్కగానే ఒక్కసారిగా లాగే మోటారుకి టైర్లు తొందరగా అరుగుతాయి. సస్పెన్షన్ పని ఉంటుంది, ఏసీ పని పెరుగుతుంది, ఎందుకంటే చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఆ ఏసీ వ్యవస్థే. రేడియేటర్ పోతుందనుకుంటారు గానీ పోదు, చాలా కార్లలో బ్యాటరీకీ మోటారుకీ కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు మాత్రం ఎక్కువ రోజులొస్తాయి, కాలు తీస్తే మోటారే బండిని ఆపుతూ ఆ కరెంటుని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది కాబట్టి.

మా బావమరిది కరెంటు కారు ఓ రోజు పొద్దున్నే తలుపులు కూడా తెరుచుకోలేదు. ఏడెనిమిది లక్షల బ్యాటరీ పోయిందని ఇంట్లో ఒకటే గోల, మా అక్క అయితే ఏడుపొక్కటే తక్కువ. సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే బండి ఎత్తుకెళ్లాలి, రెండు రోజులు పడుతుంది అన్నారు. చివరికి ఆటోనగర్ నుంచి వచ్చిన ఓ బ్యాటరీల కుర్రాడు, బానెట్ కింద ఉన్న మామూలు 12 వోల్టుల బ్యాటరీకి వైర్లు తగిలిస్తే కారు లేచి కూర్చుంది. కరెంటు కారులో కూడా ఆ చిన్న బ్యాటరీ ఉంటుందనీ, అది డౌనైతే పెద్దది నిండుగా ఉన్నా కారు లేవదనీ ఇంట్లో చదువుకున్నవాళ్లం ఎవరికీ తెలీదు, ఆ కుర్రాడికి తెలుసు.

మీవాడికి ఆ రకం పని నేర్పించు. ముందు ఈ-ఆటోలతో మొదలెట్టమను, దేశంలో ఇప్పుడు కొత్తగా అమ్ముడయ్యే మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా కరెంటువే, వాటిలో చాలావరకు 48 వోల్టుల చుట్టూ ఉంటాయి, చెయ్యి తిరుగుతుంది. కార్లకి మాత్రం పద్ధతిగా ట్రైనింగ్ తీసుకోకుండా వెళ్లొద్దు. అందులో 300 వోల్టుల పైన డీసీ కరెంటు ఉంటుంది, నారింజ రంగు వైరు కనిపిస్తే చెయ్యి పెట్టకూడదు, పెద్ద బ్యాటరీని విడగొట్టే సర్వీసు ప్లగ్ పీకాక కూడా, కరెంటు పట్టి ఉంచే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కాసేపు ఆగాలి, గ్లవ్స్ 1,000 వోల్టులవి ఉండాలి. డీజిల్‌తో చేతులు నల్లబడటం వేరు, ఇది వేరు.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి. చాలా కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ని బయట మెకానిక్‌కి ఇవ్వవు. తప్పేమిటో నీకు తెలిసినా బండి నీ స్కానర్‌ని లోపలికి రానివ్వదు. కొన్ని బండ్లలో పార్టు మార్చినా అది కంపెనీ కంప్యూటర్లో నమోదు కాకపోతే బండి కదలదు. మీ ఆటోనగర్ అసోసియేషన్లు గట్టిగా అడగాల్సింది దీని గురించి.

ప్రశ్న (సింగ్ నగర్, విజయవాడ): 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మా పెట్రోలు కారు వారం రోజులు నీళ్లలో ఉంది. ఈసారి కరెంటు కారు కొంటే, మళ్లీ అలా జరిగితే షాక్ కొడుతుందా?

సింగ్ నగర్ నుంచి ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి. వాన పడ్డా, మోకాలి లోతు నీళ్లలో నడిపినా షాక్ కొట్టదు. బ్యాటరీ పెట్టె సాధారణంగా ఐపీ67 రకం ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క దిగకూడదని పరీక్ష. నీళ్లు మీటరు దాటితే, అరగంట బదులు వారమైతే ఆ పరీక్ష హామీ ఇవ్వదు, చూశారా, మీ వరద ఆ రెండూ దాటింది.

మునిగిన పెట్రోలు కారుని స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోతుందని అప్పుడు ఊరంతా నేర్చుకుంది. కరెంటు కారుకీ అదే సూత్రం: స్విచ్ వేయొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు, తాడు కట్టి లాగొద్దు, చక్రాలు నేలకి తగలకుండా ప్లాట్‌ఫాం లారీ మీద తీసుకెళ్లాలి. బురద ఆరాక కూడా ఇంటి గోడకి ఆనించి పెట్టొద్దు, లోపలికి నీళ్లు దిగిన బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఇన్సూరెన్స్‌లో పెట్రోలు కారుకి ఇంజిన్ కవర్ ఉన్నట్టే, కరెంటు కారుకి బ్యాటరీ కవర్ అని విడిగా ఉంటుంది, ఆ డబ్బు మిగుల్చుకోకండి.

షాక్ కంటే మంట గురించి అడిగినవాళ్లు కూడా ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలోనే పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన ప్రాణం పోయింది. ఆ ఏడాది అలాంటివి దేశంలో చాలా జరిగాక స్కూటర్ బ్యాటరీల పరీక్షలు కఠినం చేశారు. కారు బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకునేది కాదు. స్కూటరైతే మాత్రం, ఏ కంపెనీదైనా సరే, మంచం పక్కన పెట్టకండి.

ప్రశ్న (ఇబ్రహీంపట్నం): మా ఊరి థర్మల్ స్టేషన్ బూడిద మేం తింటుంటే, మీరు ఆ కరెంటుతో కారు నడిపి పర్యావరణం అంటారేంటండీ?

ఈ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉన్నంత ఇంకెవరికీ లేదు. కాగితం మీద లెక్క చెప్తా. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు కిలోమీటరుకి దాదాపు 150 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాములు వస్తుంది, యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు అనుకుంటే 120 గ్రాముల దగ్గర. తేడా ఉంది, కానీ షోరూమ్‌లో పచ్చరంగు ఆకు బొమ్మ వేసి చెప్పేంత లేదు. బ్యాటరీ తయారీలో అయ్యే పొగ కలిపితే మొదటి కొన్నేళ్లు ఆ తేడా ఇంకా తక్కువ. సోలార్ కరెంటు కలిసే కొద్దీ అదే కారు శుభ్రమవుతూ పోతుంది, పెట్రోలు కారుకి ఆ యోగం లేదు, అది నిజమే. బెంజి సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర నిలబడ్డవాడికి పొగ తగ్గుతుంది, అదీ నిజమే. మీకు మాత్రం బూడిద తగ్గదు. కారు కంపెనీ వాడు ఇచ్చే ప్రకటనలో ఇబ్రహీంపట్నం ఎప్పుడూ కనిపించదు.

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు): మన రాష్ట్రంలో తయారయ్యే కరెంటు కారు ఏదైనా ఉందా?

ఉంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో కారెన్స్ క్లావిస్ కరెంటు కారు చేస్తున్నారు, 2025 జులైలో 17.99 లక్షల నుంచి మొదలుపెట్టారు. మన మాజీ ఎంపీ గల్లా జయదేవ్ గారి కుటుంబ సంస్థ అమరరాజా, ఇన్నేళ్లూ సీసం బ్యాటరీలు చేసిన కంపెనీ, ఇప్పుడు లిథియం ఫ్యాక్టరీ కడుతోంది, కాకపోతే అది మహబూబ్‌నగర్ దగ్గర, పక్క రాష్ట్రంలో.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు): అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు మాది. రోజుకి 40 కిలోమీటర్లు తిరుగుతాం. కింద ప్లగ్ పెట్టుకుంటానంటే అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు. పైగా మా వారికి నెలకి రెండుసార్లు హైదరాబాద్ పని. కొనొచ్చా అండీ?

అమ్మా, అందరిలోకీ పద్ధతిగా వివరాలు రాసింది మీరే. మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఇదే తంతు, ఆర్నెల్లు మీటింగులు పెట్టి, చివరికి అధ్యక్షుడి గారి అబ్బాయి కరెంటు కారు కొన్నాక వారంలో తీర్మానం పాసైంది. మీ వాళ్లకి భయం కామన్ మీటరు బిల్లు గురించే, కాబట్టి మీ ఫ్లాట్ మీటరు నుంచే విడిగా వైరు దించుకుంటామని రాసివ్వండి. ఇంటి కనెక్షన్ నుంచే కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది, ఆ కాగితం జతచేయండి. వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది, దూరం ఎక్కువైతే 6, సొంత ఎంసీబీ, మంచి ఎర్తింగ్. పదిహేను ఆంపియర్ల ప్లగ్ చాలు, రాత్రి పెడితే పొద్దుటికి ముప్ఫై యూనిట్ల దాకా ఎక్కుతుంది.

రోజుకి 40 కిలోమీటర్లు అన్నారు, అంటే నెలకి 1,200, దానికి సుమారు 200 యూనిట్లు. అన్నీ పై శ్లాబులో పడి యూనిట్ 9.75 వేసినా రెండు వేల లోపు, ట్రూ-అప్ ఛార్జీల (పాత ఖర్చుల సర్దుబాటు పేరుతో బిల్లులో కలిపేవి) ఏడుపు దాని పైన. అదే పెట్రోలైతే 80 లీటర్లు, 110 దరిదాపుల్లో ఉన్న రేటుకి ఎనిమిది వేల ఎనిమిది వందలు.

హైదరాబాద్ దగ్గర మాత్రం జాగ్రత్త. గుంటూరు నుంచి విజయవాడ మీదుగా పోతే మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. 45 కిలోవాట్‌అవర్ నెక్సాన్‌కి ఒకసారి ఛార్జ్ నింపితే పరీక్ష లెక్క 489 కిలోమీటర్లు, అదే కంపెనీ మామూలు వాడకంలో 350 నుంచి 375 అంటుంది, మీ వారు ఏసీ వేసి వందలో పోతే అదీ రాదు. కోదాడ దగ్గరో సూర్యాపేట దగ్గరో ఒకసారి ఆగాల్సిందే, ఫాస్ట్ ఛార్జర్ దగ్గర నలభై నిమిషాలు. అక్కడ రేటు ఇంటికి రెట్టింపు ఉంటుంది. సంక్రాంతి ముందు రోజు మాత్రం ఆ కారు వేసుకుని బయల్దేరొద్దని చెప్పండి, ఆ రోజు టోల్ గేటు దగ్గర ఉన్నంత క్యూ ఛార్జర్ దగ్గరా ఉంటుంది.